చెరుపులు లేని పాఠం

పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే పరువు పోతుందనుకునే పెద్దమనిషీ, ఈ కథ నీకే. మొహం పక్కకి తిప్పుకోకు, విను.

ఆ ఏడు కొత్తరేవు హైస్కూలుకి పాఠదర్శి అనే యంత్రం వచ్చింది. మాస్టారు బోర్డుతెర మీద రాసిందీ చెరిపిందీ, చెప్పిన మాటా అన్నీ అది రికార్డు చేస్తుంది. అంతవరకు పాత యంత్రాలూ చేసేవి. దీని కొత్తదనం వేరు. పిల్లలు తమ పలకల మీద లెక్క తప్పితే, మాస్టారు అదే తప్పు చేసి దిద్దుకున్న చోటు వెతికి ఆ ముక్క చూపిస్తుంది.

దాన్ని తయారుచేసిన డాక్టర్ సుహాసిని కొన్నాళ్లకు చూడ్డానికి వచ్చింది. పదో తరగతి లెక్కల రికార్డుల్లో ఒక్క చెరుపూ లేదు.

"చెరిపినవన్నీ ఏమయ్యాయండీ?"

"తీసేశానమ్మా," అన్నాడు లెక్కల మాస్టారు త్రిపురాంతకం. "బియ్యంలో రాళ్లుంచి వండుతామా?"

"మీరు ఏరేసినవి రాళ్లు కాదండీ, గింజలే. యంత్రం పనిచేసేది వాటితోనే."

"నేను తడబడ్డం పిల్లలు మళ్లీ మళ్లీ చూడాలా? బాగుంది వరస!"

ఆయన కూతురు నీలవేణిదీ ఆ క్లాసే. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసింది. పాఠదర్శి వెతికింది. ఏమీ దొరకలేదు. తెర ఖాళీగా ఉండిపోయింది.

"మా నాన్నకు ఎన్నడూ రాని తప్పు నాకొచ్చిందే. నాది మట్టిబుర్ర," అంది పక్కపిల్లతో. లెక్కల్లో తప్పితే పాలిటెక్నిక్ సీటు రాదు. అసలు పరీక్షే రాయనని మొండికేసింది.

అంతలో త్రిపురాంతకం చుట్టాలింట పెళ్లిపనుల మీద వారం సెలవు పెట్టాడు. హిందీ పండిట్ ఖాదర్‌వలీని ఆ క్లాసుకి పంపారు. ఆయనా సరిగ్గా అదే తప్పు రాశాడు.

"ఉండండర్రా, మూడూ నాలుగూ వేసి చూద్దాం. ఏడేడులు నలభై తొమ్మిది. ఇక్కడేమో తొమ్మిదీ పదహారూ ఇరవై అయిదే! మిగతాది ఎక్కడ పారేశాను?"

"జేబు వెతకండి సార్!" అని ఎవరో అరిచారు.

ఆయన జేబు తడుముకుని, ఒక చతురస్రం గీసి నాలుగు ముక్కలు చేశాడు. "ఇదిగో, ఈ పక్కముక్కలు రెండూ మరిచాను. దొంగ దొరికాడర్రా!"

మర్నాడు నీలవేణి మళ్లీ అదే లెక్క తప్పింది. తెర మీద ఖాదర్‌వలీ జేబు తడుముకుంటూ కనిపించాడు. ఆ పిల్ల ఫక్కున నవ్వింది. చెరిపి సరిగ్గా రాసింది. ఆ వారం రికార్డుల నిండా తప్పులే. యంత్రానికి విందు, పిల్లలకు చదువు.

నీలవేణి మొండి మాని పరీక్ష రాసింది, లెక్కల్లో స్కూలు ఫస్టు వచ్చింది. బహుమతుల సభలో సుహాసిని అడిగింది, "లెక్కలు ఎవరు నేర్పారమ్మా? నాన్నగారేనా?"

"ఖాదర్‌వలీ సార్ అండీ. నాన్నగారికి అన్నీ వచ్చు. నాకు రాదని ఆయనకెలా చెప్పను?"

త్రిపురాంతకం ముందు వరసలోనే కూర్చుని ఉన్నాడు.

పాలిటెక్నిక్‌లో చేరాక కూడా, సందేహం వస్తే ఆ అమ్మాయి పుస్తకం పట్టుకుని ఖాదర్‌వలీ ఇంటికే వెళ్లేది. తండ్రి వసారాలో ఖాళీగా కూర్చుని చూసేవాడు. ఒక్కసారీ పిలవలేదు. పిలిచి ఏమనాలో ఆయనకు తెలియలేదు.