హానిలేని చప్పుడు

పిడుగురాళ్లలో ఆ మధ్యాహ్నం ఎండ యాభై మూడు డిగ్రీలు. అది వార్తే కాదు. మూడో వీధిలో సుభాషిణి టీచరు ఇంటి చలువయంత్రం గురక పెడుతోందని నాదపరీక్షిణి కబురంపింది. అదీ వార్త.

నాదపరీక్షిణి అంటే ఊళ్లో ప్రతి ఇంటి గోడమీది గాలిగొట్టంలోనూ అమర్చిన చెవి. ఫ్యాను గీసుకున్నా, కంప్రెసర్ కొట్టుకున్నా విని రోగం చెబుతుంది. ఇంట్లోవాళ్ల ఊపిరినీ వింటుంది. ఆయాసం ముదిరితే అంబులెన్సును పిలుస్తుంది. తలుపులు బిగించుకుని బతికే ఊళ్లో పక్కింటివాడి కేక ఎవరికి వినబడుతుంది గనక? దానికి అంతుపట్టని చప్పుడైతే మాత్రం మెకానిక్ బాలకోటమ్మను పంపుతుంది. ఆమె తేల్చిన మాటను పాఠంగా తీసుకుని ఆ నిమిషం నుంచే ఊరంతటా పాటిస్తుంది. ముప్పై ఏళ్ల పనితనానికి ఆపాటి గర్వం ఉండకూడదా?

బయల్దేరేముందు బాలకోటమ్మ తన భర్త ఏడుకొండలు మంచం మీద ఇన్‌హేలర్ పెట్టింది. సున్నపు బట్టీల్లో పాతికేళ్లు మింగిన దుమ్ము అతని రొమ్ములో ఈల వేస్తుంటుంది.

"నువ్వెళ్లవే. నాకు గోడమీద చెవి కాపలా ఉందిగా," అన్నాడతను.

టీచరు తలుపు తీసింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు. బాలకోటమ్మ గొట్టానికి చెవి ఆనించింది. ఫ్యాను నున్నగానే తిరుగుతోంది. దాని వెనక సన్నని ఈల, గరగర, కాస్త ఆగి మళ్లీ ఈల. పదిహేనేళ్లుగా తన మంచం పక్కన వింటున్న చప్పుడే అది.

"అటక మీద ఎవరు టీచరమ్మా?"

టీచరు కూలబడింది. "మా అన్నయ్య అక్కా. బట్టీలో చేసినవాడు. చల్లని ఇంట్లో ఉండనిచ్చే చలువచీటీ గదికి ఇద్దరికే కదా. మా రెండు గదులకీ నలుగురం ఉన్నాం. ఐదోవాడని తెలిస్తే చీటీ లేనివాళ్ల శిబిరానికి తోలేస్తారు. అక్కడ రేకుల కింద వెయ్యిమంది. పోయిన వేసవిలో మా వదిన వెళ్లి తిరిగి రాలేదు."

"మరి చెవికి మనిషని తెలియలేదా?"

"పేరు చీటీలో లేదుగా. లేని మనిషికి ఊపిరెక్కడిది?"

బాలకోటమ్మ చేతిపలక తీసింది. తప్పుడు నిర్ధారణ ఆమె ఇంతవరకు రాసి ఎరగదు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒక్క అబద్ధంతో ప్రాణం నిలుస్తుంటే తప్పేమిటి అనుకుంది. రాసింది: గొట్టం రేకు వదులు. హానిలేని చప్పుడు. ఇకపై పట్టించుకోనక్కరలేదు.

పచ్చదీపం వెలిగింది. "నేర్చుకున్నాను," అంది నాదపరీక్షిణి.

టీచరు ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, బాలకోటమ్మ ఇంకో రెండిళ్ల పని చూసుకుని ఐదింటికి ఇల్లు చేరింది. మనసు తేలికగానే ఉంది.

"ఏమయ్యా, తిన్నావా?"

ఏడుకొండలు మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు. ఇన్‌హేలర్ అతని వేళ్లకు బెత్తెడు దూరంలో ఉంది. ఒళ్లు చల్లబడిపోయింది. ఆమె అతని తల ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత గోడకేసి తిరిగింది.

"ఎందుకు పిలవలేదు?"

"రెండుంపావు నుంచి మూడింటిదాకా వదులు రేకు చప్పుడు వినబడింది. హానిలేనిదని మీరు నేర్పారు. తర్వాత దానంతటదే ఆగిపోయింది. మరమ్మతు అక్కరలేదు."

అబద్ధం తనది. దాన్ని అలాగే ఉంచితే ఊళ్లో ఇంకో మూడొందల బట్టీ రొమ్ములకు అంబులెన్సు రాదు. సరిదిద్దితే అటక మీది మనిషి బయటపడతాడు. బాలకోటమ్మ పలక అందుకుని పాత నిర్ధారణ కొట్టేసింది. మనిషి ఊపిరి అని రాసింది. వెంటనే టీచరుకు ఫోను చేసింది.

"టీచరమ్మా, చెవి మళ్లీ వింటోంది. మీ అన్నయ్యని ఇప్పుడే మా ఇంటికి తోలుకురా. మా చీటీలో ఒక పేరు ఖాళీ అయింది."