లూసియా చర్చిలో వెల్లుల్లి వాసన

మా క్రెమోనాలో పొద్దుగూకాక రేవు పక్కనున్న లూసియా చర్చి వైపు ఎవరూ పోరు. పడవవాళ్ళు ఎవరికీ జడిసే రకం కాదు. వాళ్ళు కూడా ఆ గోడ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించేస్తారు.

పో నది మీంచి మంచు లేచిన సాయంత్రం... లోపలి బొమ్మలో చచ్చిపోయిన మనిషి పేరు తేలేది. మర్నాడు ఎండ పడేసరికి మాయం. పేరు తేలినప్పుడల్లా వెల్లుల్లి వాసన కూడా వచ్చేది. అదే ఎవరికీ అంతుబట్టలేదు.

"దెయ్యాలకి వెల్లుల్లి పడదంటారు. ఇదేమిటర్రా, తిని మరీ వస్తోంది!" అనేవాడు గంట కొట్టే పియేరో తాత. పైకి నవ్వేవాడే గానీ, మంచు పట్టిన రోజున తలుపు తియ్యమంటే నడుం నొప్పి అనేవాడు.

నేను విన్నది విన్నట్టే చెబుతున్నాను.

ఆ పేరు ఓర్సీనాది. ఆడది కుంచె పడితే ఊరు నవ్వే రోజుల్లో పట్టింది. మగవాళ్ళ పనిశాలల్లోకి రానివ్వకపోతే తన వంటింట్లోనే రంగులు నూరుకుంది. చివరికి మాంటువా దొరసానులే వచ్చి ఆవిడ ముందు కదలకుండా కూర్చున్నారు. ఆవిణ్ణి చూసి ఎందరో తండ్రులు కూతుళ్ళకి కుంచెలు కొనిపెట్టారు. ఆ వంటింట్లోనే ఏడుగురు ఆడపిల్లలకి పని నేర్పింది, కన్నతల్లిలా.

ఆవిడ ఆఖరి బొమ్మ, దేవుడి కోసం కళ్ళు పోగొట్టుకున్న పునీత లూసియా. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో రెండు కళ్ళు. కింద రాతిమెట్టు మీద తన పేరు రాసుకుంది. బొమ్మ చర్చికి చేరకముందే జ్వరంతో పోయింది. లూసియా పండుగ రోజున బొమ్మ మీది గుడ్డ తీస్తే... మెట్టు మీద తమ్ముడు ఎర్కోలే పేరుంది.

"అక్క చెయ్యి వణికేది. గీసిందంతా నేనే" అన్నాడు ఆ మహానుభావుడు. ఊరు నమ్మేసింది. ఒళ్ళు మండుతుంది నాకు, ఇప్పటికీ.

ఆ చలికాలం నుంచే పేరు తేలడం మొదలైంది.

ఆరేళ్ళు గడిచాయి. ఆ బొమ్మని మాంటువా కోటకి పంపుతున్నారని, ఎర్కోలే గీసిందనే పంపుతున్నారని తెలిసింది. పడవెక్కితే ఇక ఓర్సీనా పేరు తలిచేవాళ్ళుండరు. ఏడుగురిలోకీ ఆవిడకి ప్రాణమైన ఇప్పోలిత పియాచెంజాలో కాపురం చేస్తోంది. ఆ కబురు విని పరుగున వచ్చింది. తెల్లారితే పడవ.

"దెయ్యమైతే అయింది. అమ్మగారే కదా. ఒక్కసారి కనిపిస్తే చాలు" అంది.

వెంట దీపం పట్టుకుని చిన్ననాటి స్నేహితురాలు బయల్దేరింది. ఆ పిల్లా ఓర్సీనా దగ్గర నేర్చుకున్నదే. సాయంత్రపు గంట ఆగింది. మంచు ఎంత దట్టమంటే పక్కనున్న నది చప్పుడే గానీ కనిపించడం లేదు.

తలుపు తోశారు.

లోపల చల్లటి చీకటి... ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. దీపం వెలుగులో పళ్ళెంలోని కళ్ళు రెండూ వాళ్ళనే చూస్తున్నాయి. వాటి కింద, తడిసిన రాతిమెట్టు మీద, ఎర్కోలే అక్షరాల అడుగునుంచి... ఒక్కొక్కటే... ఓర్సీనా.

ఇప్పోలిత మోకాళ్ళ మీద కూలబడింది.

"అమ్మగారూ... వచ్చారా..."

వెల్లుల్లి వాసన గుప్పుమంది.

ఏడుస్తూనే చెయ్యి చాచి ఆ పేరుని తడిమింది. వేలికి మెత్తగా, బంకగా ఏదో అంటింది. దీపం దగ్గర చూసుకుంది. వాసన చూసింది. ఏడుపు ఆగిపోయింది.

"ఇది సుద్ద" అంది మెల్లగా. "జిగురులో కలిపిన సుద్ద. ఆరితే కప్పేస్తుంది, తడిస్తే అద్దమైపోతుంది. అంతేనే. దెయ్యమూ లేదు, ఏమీ లేదు."

"పోనీలే... పోదాం పద" అంది స్నేహితురాలు.

"ఉండు. నూనె రంగు మీద జిగురు రంగు నిలవదు, జారిపోతుంది. నిలవాలంటే ముందు వెల్లుల్లి రసం రుద్దాలి." గొంతు ఇంకా తగ్గింది. "ఎర్కోలేకి వంటింటి గడప కూడా తెలీదు. ఈ కిటుకు అమ్మగారు మన ఏడుగురిలో ఇద్దరికే చెప్పారు. అందులో నేనొకదాన్ని."

దీపం వణికింది.

ఇప్పోలిత వెనక్కి తిరిగింది. దీపం వంక చూడలేదు. పట్టుకున్న మనిషి మొహంలోకి చూసింది.

విన్నానని చెప్పాను కదూ? అబద్ధం. ఆ దీపం పట్టుకున్నది నేనే.

"తొమ్మాసా... నువ్వా?"

దీపాన్ని నా మొహానికి దూరంగా జరిపాను.

"ఆవిడ శవం మీద మట్టి ఆరకముందే... ఎందుకే?"

"మర్నాడే పండుగ. నూనె రంగు ఆరడానికి వారాలు పడుతుంది. అందుకని సుద్దతో..."

"ఎలా అని అడగలేదు. ఎందుకు అన్నాను."

"తర్వాతి బొమ్మ మీద నా పేరు రాసుకోనిస్తానన్నాడు."

"రాసుకోనిచ్చాడా?"

ఆరేళ్ళలో పదకొండు బొమ్మలు గీశాను. పదకొండింటి మీదా ఎర్కోలే పేరే.

తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. తిట్టనూ లేదు, కొట్టనూ లేదు. తలగుడ్డ విప్పి, గుమ్మం దగ్గరి పవిత్రజలంలో ముంచి తెచ్చి, మెట్టుని తుడవడం మొదలుపెట్టింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు. ఎర్కోలే కరిగి కిందికి కారిపోయాడు. ఓర్సీనా మిగిలింది.

"దీపం అక్కడ పెట్టి వెళ్ళు" అంది. ఆమె నాతో అన్న ఆఖరి మాట అదే.

తెల్లారి బొమ్మ మొయ్యడానికొచ్చిన వాళ్ళందరూ ఆ పేరు చదివారు. బొమ్మ ఓర్సీనాదిగానే పడవెక్కింది.

ఇప్పుడు ఆ గోడ ఖాళీ. అయినా మంచు పట్టిన సాయంత్రం వెల్లుల్లి వాసన వస్తూనే ఉందని రేవులో చెప్పుకుంటారు. సుద్ద లేదు, బొమ్మ లేదు, వాసన ఎక్కడిదని పియేరో తాత ఇంకా తల గోక్కుంటూనే ఉన్నాడు.

ప్రతి సాయంత్రం ఆ గోడ ముందు మోకరిల్లేది నేనొక్కదాన్నే. ఎన్నిసార్లు కడిగినా నా వేళ్ళకి ఆ వాసన పోవడం లేదు.