గడియ పెట్టని తలుపు

...తాళం మర్చిపోవడం వేరు, వేయబుద్ధి కాకపోవడం వేరు. ఈ తేడా పెద్దాయనకు ఎలా చెప్పాలా అని మౌని ఆలోచిస్తున్నాడు. గూఢచారి విభాగంలో అతనికి ఆ మారుపేరు పెట్టింది ఆయనే.

"మన డ్రైవర్ని పొద్దున చంపేశారు," అన్నాడు పెద్దాయన. "అతని అడ్రస్ మన సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. నీ ప్రైవేట్ కీతో, అంటే ఆ సర్వర్ తెరిచే నీ డిజిటల్ తాళంచెవితో, లాగిన్ అయ్యారు. ఇప్పుడూ లోపలే ఉన్నారు. మిగతా గూఢచారుల అడ్రస్‌లు కాపీ అవుతున్నాయి."

"నా కీకి పాస్‌వర్డ్ ఉంది సార్."

"ఏడిసినట్టుంది! పొద్దున ఒక్కసారి కొట్టి, సాయంత్రం దాకా కీని మెమరీలో తెరిచి వదిలేస్తావు. తాళం వేసి, తాళంచెవి దానికే వదిలేసినట్టు. నీ గదిలో ఇంకెవరుంటారు?"

అనువాదకురాలు. చలువ కళ్ళద్దాలు, సన్నటి నవ్వు. 'మీరెళ్ళి ఓ దమ్ము కొట్టి రండి, నేను చూస్తుంటాగా' అనే గొంతు.

"మనవాళ్ళు పైన నీ గదికి చేరేలోపు ఫైల్ దాటిపోతుంది," పెద్దాయన తన లాప్‌టాప్ ముందుకు తోశాడు. "ఆ సర్వర్ మీద అధికారం నీ కీకే ఉంది. తెంచెయ్."

మౌని గడియారం పట్టీలోంచి పెన్‌డ్రైవ్ ఊడదీశాడు. కీ కాపీ అందులో ఉంది. స్క్రీన్ పాస్‌వర్డ్ అడిగింది. వేళ్ళు మొరాయించాయి.

ఆ పాస్‌వర్డ్ అతని భార్య ఆఖరి మెసేజ్. 'తలుపు గడియ పెట్టుకో, నాకు ఆలస్యమవుతుంది.' ఆమె ఎక్కిన కారు ఇల్లు చేరలేదు. ఆ వాక్యం రోజుకొక్కసారి రాయడమే అతని తాహతు. రెండోసారి రాస్తే, ఆమె రెండోసారి పోయినట్టు.

"కొట్టరా! అక్కడ పసిపిల్లలున్న ఇళ్ళున్నాయి!"

కొట్టాడు. తప్పు. కళ్ళు మూసుకుని మళ్ళీ కొట్టాడు. తెరుచుకుంది. అనువాదకురాలి కనెక్షన్ తెంచి, తన కీని సర్వర్ మీంచి చెరిపేశాడు. ఫైల్ చివరి ముక్క దాటకుండా ఆగిపోయింది. అది లేనిదే మిగిలినదంతా చెత్త.

బేడీలతో అనువాదకురాలిని దింపుతుంటే మెట్ల దగ్గర ఎదురుపడింది.

"నా పాస్‌వర్డ్ తెలుసా నీకు?"

"చూడలేదండీ. రోజూ మీరు కళ్ళు మూసుకుని కొట్టేవారు. చూడబుద్ధి కాలేదు." కళ్ళద్దాలు సర్దుకోబోయింది, బేడీలు అడ్డొచ్చాయి. "చూడాల్సిన అవసరం మాత్రం ఎక్కడ రానిచ్చారు?"

సాయంత్రం మౌని ఇంటికెళ్ళాడు. ఎవరో వస్తారన్నట్టు ఇన్నేళ్ళూ ఓరగా వదిలేసిన తలుపు. దేశ రహస్యాలు కాపాడే మనిషి ఇంటి గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఓ నూనె చుక్క వేసి, అటూ ఇటూ కదిలించాడు.

ఇల్లాలి మాట వినడానికి కాస్త ఆలస్యమైంది, అంతే. గడియ పెట్టాడు.