ఇద్దరి పేర్ల మీదున్న గది

సియోల్ ఊరి చివర, కొండవాలులో ఒక మేడ. దాని పైన ఒంటిగది. ఏడాదిలోకెల్లా పొడుగైన రాత్రి వచ్చే రోజది. సాయంత్రం ఇల్లుగలావిడ ఎర్ర చిక్కుడుగింజల జావ గిన్నెతో రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"సగం తాగి, సగం గుమ్మానికి చల్లు పిల్లా. బయటి దెయ్యాలు లోపలికి రావు."

"నాకు కాబోయేవాడు వస్తే చాలు పిన్నీ. రేపే ఇక్కడికి మకాం మారుస్తాడు" అని నవ్వింది సోల్హీ.

"అదెలా కుదురుతుంది? అద్దె ఒప్పందంలో కుమ్జు సంతకం కూడా ఉంది. ఇద్దరూ కలిసి సంతకాలు పెడితే ఇల్లంతా ఇద్దరిదీ. ఒకరినొకరు గెంటే హక్కు లేదు. దాని వాటా ఇప్పుడు తల్లిదే, ముందు ఆవిణ్ణి అడుగు."

"బతికున్నన్నాళ్ళూ అదే అడ్డం. చచ్చాక కూడానా?"

ఆవిడ మొహం మాడ్చుకుంది. "నేను కూతురింటికి పోతున్నా. కింద గేటుకి తాళం వేస్తా" అని దిగిపోయింది.

గదిలో తనతో కలిసి అద్దెకున్న కుమ్జు పోయి నెల కాలేదు. ప్రియుణ్ణి తెచ్చిపెట్టుకుంటానని సోల్హీ అంటే, సగం ఇల్లు నాదంటూ అడ్డుపడింది పాపం. హక్కులు చెబుతావా అనుకుంది సోల్హీ. ఒక రాత్రి కుమ్జు తాగి వచ్చేసరికి తలుపుకున్న నంబర్ల తాళం మార్చేసింది. "అక్కా, చలేస్తోంది... తియ్యవే" అని అది గోళ్ళతో గీకుతుంటే టీవీ శబ్దం పెంచింది. మైకంలో మెట్లు దిగలేక, తెల్లారేసరికి కుమ్జు గుమ్మం ముందే చలికి కొయ్యబారిపోయింది. "పడుకున్నాను, వినబడలేదు" అని పోలీసుల ముందు ఏడ్చింది సోల్హీ. ఏడుపు కూడా బాగానే వచ్చింది.

ఇప్పుడు పలచటి చొక్కాతో, ఇంటి చెప్పులతో గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. చీకటి పడుతోంది. గాలి చెవులు కోస్తోంది. ఉడికిన గింజల కమ్మటి వాసన. ఒక్క చుక్క తాగకుండా జావంతా గుమ్మానికి చల్లేసింది. పిసినారితనం చావు దగ్గర పనికిరాదని ఆమెకూ తెలుసు.

వెనక్కి తిరిగేలోగా తలుపు దానంతటదే మూసుకుని తాళం పడింది.

నంబరు నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ నొక్కింది... మళ్ళీ ఎర్రదీపమే. ఫోను లోపలుంది. అరిచింది. కింద ఇల్లంతా చీకటి.

లోపల టీవీ మోగింది.

సోల్హీ తలుపుకి చెవి ఆనించింది. "ఎవరది?"

శబ్దం పెరిగింది... ఇంకా పెరిగింది.

"కుమ్జూ... చెల్లీ... ఇది నా ఇల్లు కూడానే. చలేస్తోందే... తియ్యవే."

తలుపుకి అవతల, సరిగ్గా ఆమె చెవి దగ్గర, ఎవరో గుసగుసలాడారు.

"పడుకున్నానక్కా... వినబడలేదు."

సోల్హీ తలుపు గీకింది. గోళ్ళు విరిగాయి. కాసేపటికి వేళ్ళకు నొప్పి కూడా తెలియలేదు. గుమ్మం ముందు ముడుచుకుని కూలబడింది.

అప్పుడు తలుపు కింది సందులోంచి ఏదో ఎర్రగా, పొగలు కక్కుతూ బయటికి పాకింది. కమ్మటి వాసన. బయటి దెయ్యం లోపలికి రాకుండా, లోపలి నుంచి ఎవరో గుమ్మానికి జావ చల్లుతున్నారు.

ఖాళీ గిన్నె సోల్హీ చేతిలోనే ఉంది.