ఊగని తాడిచెట్టు

రెల్లుమడుగు రాజ్యంలో మనుషులు మాయమైపోతున్నారర్రా! జటకుడనే రాక్షసుడు మడుగు ఒడ్డున చెట్టు రూపంలో దాక్కుని, వచ్చినవాళ్లను వచ్చినట్టు మింగేస్తున్నాడు. ఏ చెట్టో ఎవరికీ తెలియదు. వెతకబోయిన నలభైమంది భటుల తలలు నీళ్లలో తేలాయి. చివరికి పడవ నడిపే సింహాద్రినీ మింగేశాడు. వాడు మింగిన మనిషి ఆ కడుపులో మూడు రోజులే బతికుంటాడట. సింహాద్రి కూతురు నూకాలు ఏడుస్తూనే కొండమీది ముని దగ్గరికి పరుగెత్తింది.

ముని ఆమెకో ఫోటోపెట్టె ఇచ్చాడు. "గాలి బాగా వీచేటప్పుడు దీని మూత తీసి అరవై లెక్కపెట్టమ్మా. లోపలి గాజుపలకను ఈ మందునీళ్లలో కడిగి, పడిన బొమ్మను పడినట్టే చూడు."

"రాజుగారి దగ్గరా ఇలాంటిది ఉంది కదా స్వామీ?"

"ఉంది. కానీ ఆ ఆస్థాన చిత్రకారుడున్నాడే, మసకగా పడిన ఆకులన్నీ కుంచెతో దిద్దేసి రాజుకు చూపిస్తాడు. వాడి సోకు తగలెయ్య! నిజం కనబడకే నలభైమంది చచ్చారు."

మూడోరోజు పొద్దున్నే నూకాలు పెట్టె, గొడ్డలి తీసుకుని పడవెక్కింది. నడి మడుగులో మొసలి పడవ అంచు పట్టి కొరికింది. తెడ్డుతో దాని కళ్లు పొడిచి, నెత్తురు కలిసిన నీళ్లలోంచి అవతలి ఒడ్డు దిబ్బ ఎక్కింది. హోరుగాలిలో మూత తీసి అరవై లెక్కపెట్టింది. గాజుపలకను మందునీళ్లలో కడిగి, బొమ్మ తేటపడేలా వెనక నల్లగుడ్డ పెట్టి చూసింది. రెల్లు, తుంగ, నూరు తాడిచెట్లూ గాలికి ఊగి మెత్తగా మసకబారాయి. ఒక్క తాడి మాత్రం ఆకు ఆకూ లెక్కపెట్టేలా పడింది.

నూకాలు గొడ్డలెత్తి దాని మొదలు నరికింది. నెత్తురు చిమ్మింది!

"ఎలా కనిపెట్టావే పిల్లా?" అని జటకుడు గర్జించాడు.

"గాలికి ఊగడం చేతకాదు, నువ్వేం చెట్టువిరా!"

జటకుడు ఆమె ఎడమచెయ్యి విరిచేశాడు. నూకాలు కేక పెట్టింది గానీ గొడ్డలి వదల్లేదు. కుడిచేత్తోనే వాడి పొట్ట నిలువునా చీల్చింది. పేగులతోపాటు సింహాద్రి బయటపడి, దగ్గి, ఊపిరి తీసుకున్నాడు. "నాన్నా!" అంటూ ఆమె ఆయన్ని కావలించుకుని భోరుమంది.

రాజు నూకాలుకు మడుగు సీమంతా ఏలుకోమని రాసిచ్చాడు. సభలో చిత్రకారుడు పలకను చూసి ముఖం చిట్లించాడు. "అంతా మసకే! కాస్త దిద్దితే గోడకు పెట్టొచ్చు."

సింహాద్రి ఆ పలకను అందుకున్నాడు. చాలాసేపు చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"దీన్ని ముట్టుకోకయ్యా. ఇందులో మా మడుగు గాలి ఉంది."