గొంతు దిగడం లేదు

ఆసుపత్రిలో పరీక్షకి ఖాళీ కడుపుతో రమ్మన్నారు కాబట్టి ఆ ఉదయం అత్తగారికి కంచం పెట్టలేదు. కోడలు మొగుడికి వడ్డించి, తనూ తింటూ, "అమ్మయ్య, ఇవాళ ఒక్కపూటైనా నా వంటకి వంక పెట్టేవాళ్ళు లేరు," అంది. కిటికీ పక్క కుర్చీలో అత్తగారు వింటూనే ఉంది. ఆవిడ వినాలనే అన్న మాట అది.

ఈ గొడవ పద్నాలుగేళ్ళ నాటిది. కోడలు కాపురానికొచ్చిన వారానికే, బంధువులందరి ముందూ, అత్తగారు కంచం పక్కకి నెట్టి, "ఈ వంట నా గొంతు దిగడం లేదు తల్లీ," అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి బాగా రుచించినట్టుంది, ఆ మాట పట్టుకుని ఇక వదల్లేదు. ఉప్పు సరిపోయినా అదే మాట, కారం తగ్గించినా అదే మాట. కోడలు మొదట్లో ఏడ్చింది, తర్వాత కొత్త వంటలు నేర్చుకుంది, ఆ తర్వాత మొండికేసింది.

కిందటేడు ఒక మధ్యాహ్నం అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "గొంతు దిగడం లేదే," అంది.

"దిగకపోతే మానెయ్యండి. నాకూ చాకిరీ తప్పుతుంది," అంది కోడలు, వెనక్కి తిరిగి చూడకుండానే.

అప్పట్నుంచి అత్తగారు ముద్దముద్దకీ నీళ్ళు తాగేది. లేచి నిలబడి, మెడ సాచి, రెండు చేతులూ పైకెత్తేది. అలా చేస్తే ముద్ద కాస్త జారేది. "రండి రండి, మీ అమ్మ డాన్సు మొదలెట్టింది," అని కోడలు మొగుణ్ణి పిలిచి చూపించేది. కంచం ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కాపలా కూర్చునేది. అత్తగారు పరిగెత్తి వెళ్ళి కక్కుకుంటే, బకెట్టు తెచ్చి పక్కన పెట్టి, "మీరే కడగండి," అనేది. పదకొండు నెలల్లో ఆవిడ పద్దెనిమిది కిలోలు తగ్గింది. గొట్టం వేసి లోపల చూసిన డాక్టరు పుండూ లేదు, గడ్డా లేదని రాసిచ్చాడు. కోడలు ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

"ఇదే ఆఖరి పరీక్ష," అంది ఇప్పుడు చెప్పులేసుకుంటూ. "ఇందులోనూ ఏమీ లేదని తేలితే మీరు మీ తమ్ముడింటికి వెళ్ళిపోవాలి. మీ అబ్బాయి కూడా ఒప్పుకున్నారు."

తమ్ముడి భార్యకీ ఆవిడకీ పదేళ్ళుగా మాటల్లేవు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఏరా?" అంది తల్లి.

కొడుకు కారు తాళాల కోసం వెతికాడు. అవి అతని చేతిలోనే ఉన్నాయి.

పరీక్ష గదిలోకి తోడుగా ఒక్కరే రావాలన్నారు. కొడుకు లేవబోతే కోడలు ఆపింది. నాటకం బయటపడ్డం తన కళ్ళతో చూడాలని ఆమె పట్టుదల.

టెక్నీషియన్ మాటకారి మనిషి. "పెద్దమ్మా, ఈ సన్న గొట్టం పొడుగునా ఒత్తిడి కొలిచే సెన్సర్లున్నాయి. మనం మింగగానే అన్నవాహిక పైనుంచి కిందకి వరసగా బిగుసుకుంటూ ముద్దని నెట్టాలి. పొట్ట దగ్గరుండే తలుపు తెరుచుకోవాలి. అదంతా తెరమీద రంగుల్లో కనిపిస్తుంది. నేను మింగమన్నప్పుడే మింగండి. మధ్యలో గుటక వెయ్యకూడదు," అంది.

ముక్కులోంచి గొట్టం దిగుతుంటే అత్తగారి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందేమోనని ఆవిడ చెయ్యి గాల్లో తడుముకుంది. కోడలు చేతులు కట్టుకుని నిలబడింది.

టెక్నీషియన్ చెంచాడు నీళ్ళు నోట్లో పోసింది. "మింగండి."

తెర పైభాగం ఒక్కసారి ఎర్రగా మెరిసింది. అక్కడితో సరి. మధ్యలో అంతా నీలం, కదలికే లేదు. అడుగున, ఆ తలుపుండే చోట, ఎర్రటి పట్టీ మాత్రం ఉన్నది ఉన్నట్టే బిగుసుకుని ఉంది.

"సరిగ్గా మింగమనండి. ఈవిడ కావాలనే బిగపడుతోంది," అంది కోడలు.

టెక్నీషియన్ నవ్వేసింది. "గొంతు దాటాక మన పెత్తనం ఎక్కడిదమ్మా? మీరైనా నేనైనా కావాలని ఆపలేం, కావాలని తెరవలేం. ఇక్కడ నాటకాలు కుదరవు."

అలా పదిసార్లు మింగించింది. పదిసార్లూ అదే బొమ్మ. నాలుగోసారికి కోడలి చేతులు విడిపోయాయి. ఏడోసారికి ఆమె గోడకి ఆనుకుంది. తను కాపలా కూర్చుని తినిపించిన ముద్దలన్నీ ఆ ఎర్రటి పట్టీ మీదే పేరుకుపోయి ఉంటాయని అప్పుడు తెలిసింది.

"డాక్టరుగారు చూసి చెబుతారు గానీ, ఇది ఎన్నాళ్ళ నుంచి?" అంది టెక్నీషియన్ కాగితం తీస్తూ.

గొట్టంతో అత్తగారు మాట్లాడలేకపోయింది.

"పదకొండు నెలలు," అంది కోడలు. "మొదటి రోజే నాతో చెప్పారు. నేను వెనక్కి తిరిగైనా చూడలేదు."

డాక్టరు తలుపు దగ్గర బిగుసుకున్న కండరాన్ని నోటి ద్వారానే కోసి వదులు చెయ్యొచ్చన్నాడు. నెట్టే బలం తిరిగి రాదు గానీ, మెల్లగా తినగలుగుతారన్నాడు. బయటికి రాగానే కొడుకు, "చూశావా? నేను అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు పెళ్ళాంతో.

"నువ్వు నోరుముయ్యరా," అంది తల్లి.

అత్తగారు కూర్చున్న బెంచీ ముందు కోడలు కూలబడింది. "నన్ను తిట్టండి అత్తయ్యా."

"ఏమని తిట్టను? పద్నాలుగేళ్ళూ ఆ మాట అబద్ధానికి వాడాను. నిజం వచ్చేసరికి చెప్పుకోడానికి నాకు ఇంకో మాట లేకపోయింది."

"అబద్ధానికా?"

అత్తగారు ఒరుసుకుపోయిన ముక్కు తుడుచుకుంది. "నీ వంట బాగుంటుందే. వచ్చిన వారం నుంచీ బాగానే ఉంది. చెబితే నెత్తికెక్కుతావని చెప్పలేదు."

కోడలు ఇన్నేళ్ళూ ఎదురుచూసిన మాట అది. తను ఎదురుచూస్తోందని ఆ క్షణం దాకా ఆమెకే తెలియదు. సంతోషించాలో, ఇన్నాళ్ళు దాచినందుకు ఆవిడ మీద పడి రక్కాలో తెలియక, వరండాలో అందరి ముందూ అత్తగారి ఒళ్ళో తలపెట్టి భోరుమంది. ఎముకలు తేలిన ఆ మోకాళ్ళు చెంపకి గుచ్చుకున్నాయి.

అత్తగారు ఆమె భుజం తట్టింది.

"తర్వాత ఏడుద్దువుగాని, లే. ఎప్పుడు చేస్తారో అడిగిరా. పదకొండు నెలలుగా ఆకలేస్తోందే నాకు."