ఇంటికొచ్చే సంతకాల పుస్తకం

"పప్పులో క్యాన్ నీళ్లు పోసిందెవరే?"

అత్తగారి కేకకు హైమావతి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆదివారం పూట పొద్దున్నే మొదలైంది! పోసింది రెండంటే రెండు గ్లాసులు…

"బోరు నీళ్లతో ఎన్ని విజిల్సు రానిచ్చినా పలుకు పలుకుగానే ఉంటంది అత్తయ్యా. అందుకని…"

"అందుకని తాగటానికి కొనుక్కున్న నీళ్లు పోస్తావా? ముప్పై ఐదేళ్లు ఆ బోరు నీళ్లతోనే వండా. నీ మొగుడు పలుకులు తినే ఇంతవాడయ్యాడు! ఇరవై నాలుగ్గంటలూ ఆ ఫోన్లో ఉత్తరాలు చదువుకుంటా కూర్చుంటే పప్పెట్టా ఉడుకుద్దీ?"

వరండాలో పేపరు చదువుతున్న భర్త ఫణీంద్ర నవ్వాడు. హోంవర్కు రాసుకుంటున్న బిందు కూడా నవ్వింది, ఎప్పటిలాగే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. ఆ చెయ్యి వెనక ఏముందో హైమావతికి తెలుసు. పన్నెండేళ్ల పిల్ల పళ్ల మీద ఆ గోధుమరంగు మచ్చలు… ఏ పేస్టూ పోగొట్టలేని మచ్చలు…

రెండేళ్ల క్రితం ఆ మచ్చలు పోయే చిట్కా కోసం ఫోన్లో వెతుకుతుంటేనే 'శుక్రవారం ఉత్తరం' దొరికింది. నరసరావుపేటలో రిటైరైన ఉష టీచరు ప్రతి శుక్రవారం మెయిల్లో పంపే ఉత్తరమది. "అమ్మలూ, తప్పు పళ్లపొడిది కాదు, నీళ్లది. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే పిల్లల పళ్లకు మచ్చలు, పెద్దల మోకాళ్లకు వంకర" అని రాశారావిడ. ఉత్తరం చివర ఒక ప్రశ్న ఉంటుంది. చదివినవాళ్లు జవాబు రాస్తే పైవారం అందరికీ పంపుతారు.

బి.ఏ. చదివి, పెళ్లై బొల్లాపల్లి మండలంలోని ఈ ఊరికి వచ్చాక "నువ్వేమనుకుంటున్నావు హైమా?" అని అడిగినవాళ్లు లేరు. భయం భయంగా నాలుగు వాక్యాలు రాసి పంపింది. మరుసటి శుక్రవారం ఆ నాలుగు వాక్యాలూ ఉత్తరంలో కనిపించాయి! కింద ఉష టీచరు మాట: "హైమావతి గారూ, ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" పొయ్యి ముందు నిలబడి ఎంత ఏడ్చిందో! ఆ తర్వాత ఈపూరు సలోమి, మాచవరంలో బట్టలు కుట్టే మిస్బా… ముఖాలు చూడకుండానే అక్కచెల్లెళ్లయ్యారు.

ఒక శుక్రవారం వచ్చిన ప్రశ్న మాత్రం ఆమెను నిద్రపోనివ్వలేదు. 'మీ ఊరి గ్రామసభకు చివరిసారి ఎప్పుడు వెళ్లారు?'

ఎప్పుడూ వెళ్లలేదు. వెళ్లే పనే లేదు. సభ పుస్తకమే ఇంటికి వస్తుంది! మామగారు ఆదినారాయణ పంచాయతీ తరఫున దాన్ని చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "ఆడకూతుళ్లు ఎండలో నిలబడటం ఎందుకు?" అంటారు. ఊరంతా దాన్ని మర్యాద అనే అనుకుంది, ఆయనా అలాగే అనుకున్నారు. ఖాళీ పేజీ మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఇంట్లో లేనివాళ్ల పేరు ఆయనే రాసేస్తారు. మరి ఆ పేజీలో తర్వాత ఏం రాస్తున్నారు? ఉష టీచరు పంపిన నమూనా చూసి, కిందటి సభ తీర్మానం నకలు కావాలని హైమావతి పంచాయతీకి దరఖాస్తు పెట్టింది. నకలు నిన్ననే చేతికొచ్చింది. చదివి, ఎవరికీ చూపించే ధైర్యం లేక బిందు తెలుగు వాచకంలో దాచింది…

చెప్పులు విసురుగా వదిలిన చప్పుడైంది. మామగారు!

"టీకొట్టు కాడ నలుగురిలో నా తల తీసేశావు గదమ్మాయ్! 'నీ కోడలు నీ మీదే అర్జీ పెట్టిందంట గదా' అని నవ్వుతున్నారు! ముప్పై ఏళ్లు ఆ పుస్తకం మోశాను. ఒక్కడు వేలెత్తి చూపలా. చివరికి నా ఇంట్లోనే…"

"మీ మీద కాదు మామయ్యా… నకలు అడిగానంతే…"

"ఎవరడగమన్నారు? ఆ ఫోన్లో ఆడోళ్లా? వాళ్లా నీకు కూడు పెట్టేది?"

ఫణీంద్ర తల దించుకుని, "ఆపెయ్యరాదా హైమా. నాన్న బాధపడతన్నాడు గదా" అన్నాడు. ఆ మెత్తటి మాట అరుపుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది!

ఆమె వంటింట్లోకి వెళ్లింది. "టీచర్‌ గారూ, ఇక నాకు ఉత్తరాలు పంపకండి. మీ అందరికీ రుణపడి ఉంటాను" అని రాసి పంపింది. కన్నీళ్లు స్క్రీను మీద పడ్డాయి. పావుగంటలో జవాబు వచ్చింది. "ఉత్తరం ఆపమంటే ఆపుతానమ్మా. కానీ ఎల్లుండి మీ ఊరి సభ అని మీరు సలోమికి రాశారటగా. మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఆ పూట మేమంతా మిమ్మల్నే తలుచుకుంటూ ఉంటాం." హైమావతి ఫోను గుండెలకు హత్తుకుంది. కన్నవాళ్లు కాదు, కట్టుకున్నవాడు కాదు… ఎవరమ్మా వీళ్లంతా!

ఇంతలో వరండాలోంచి బిందు గొంతు వినిపించింది. "నానమ్మా, నా పుస్తకంలో ఈ కాగితం ఏంది? నీ పేరుంది, పక్కన వేలిముద్ర!"

"నా పేరా? చదవ్వే, ఏం రాసుందో!"

హైమావతి పరుగున వచ్చేసరికే పిల్ల చదవటం మొదలుపెట్టింది. "గ్రామములో తాగునీటి సమస్య ఏదియు లేదని హాజరైన సభ్యులందరూ ఏకగ్రీవముగా తీర్మానించిరి…"



గోడ పట్టుకుంటే గాని లేవలేని అత్తగారు, వంకరపోయిన మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచింది. "నీళ్ల సమస్య లేదని నేనన్నానా? పొద్దున రెండు గ్లాసుల నీళ్లకి కోడల్ని తిట్టిందాన్ని… ఏమయ్యా, నా వేలు అందా ఆ మాట?"

ఆదినారాయణ కాగితం కేసి వంగి చూశారు.

"తాతయ్యా, ఇక్కడ అమ్మ సంతకం నీ చేతిరాతలాగా ఉందే?" బిందు అమాయకంగా అడిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ చెయ్యి కేసి ఆయన చాలాసేపు చూశారు. అరుగు మీద కూలబడిపోయారు. "ఖాళీ కాయితం మీద పెట్టించానే… తర్వాత పంచాయతీలో ఏం రాసుకున్నారో ఒక్కనాడన్నా చూళ్లా. మంచి చేస్తన్నా అనుకున్నా గానీ… నా మనవరాలి నోటికి నేనే చెయ్యి అడ్డం పెట్టా…" కండువాలో ముఖం దాచుకున్నారు.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. హైమావతి వడ్డించిన పప్పు వెన్నలా ఉడికింది. మామగారు రెండు ముద్దలు తిని చెయ్యి ఆపారు.

"ఎల్లుండి సభకి నేను పుస్తకం మొయ్యను. రేపు ఇల్లిల్లూ తిరుగుతా, ఆడోళ్లందర్నీ సభకి రమ్మని చెప్పటానికి. మొదట మన ఇంటి నుంచే. మీ అత్తాకోడళ్లు ముందు వరసలో కూర్చోవాల. నీళ్ల సంగతి నువ్వే లేచి అడగాల అమ్మాయ్. పట్టించుకోకపోతే నేను లేస్తా."

హైమావతి ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

"మరి ఆ పూట వంటో?" ఫణీంద్ర నసిగాడు.

"నిన్నటి గోంగూర పచ్చడుంది. అన్నం నువ్వొండు!" అంది అత్తగారు.

బిందు పకపకా నవ్వింది. ఒక చెయ్యి పప్పన్నంలో, ఇంకో చెయ్యి అప్పడం మీద ఉన్నాయేమో, నోటికి అడ్డం పెట్టుకోవటం మర్చిపోయింది.

మామగారు మళ్లీ ముద్ద కలుపుతూ, తలెత్తకుండానే అన్నారు. "ఆ నరసరావుపేట టీచరమ్మకి ఒక ముక్క రాయి తల్లీ. ఉత్తరాలు ఆపొద్దని."